వాషింగ్టన్ కమాండర్స్ 2024: ఆ 12 గెలుపులు ఎవరి ఖాతాలో వేయాలి?

2023లో 4 గెలుపులు, 13 ఓటములు. 2024లో 12 గెలుపులు, 5 ఓటములు. 2025లో 5 గెలుపులు, 12 ఓటములు. ఈ మూడు సీజన్లూ ఒకే జట్టువి, అమెరికా రాజధాని ప్రాంతపు ఫుట్‌బాల్ జట్టు వాషింగ్టన్ కమాండర్స్‌వి. 2023 అయ్యాక హెడ్ కోచ్ మారాడు. 2024 అయ్యాక మారలేదు. జట్టు ఎగిసినప్పుడూ పడినప్పుడూ టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని మైదానం అంచున నిలబడ్డది డాన్ క్విన్ ఒక్కడే.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఏటా జనవరి వచ్చిందంటే కోచ్‌ల ఉద్యోగాలు ఊడే కాలం. 32 జట్లున్న నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో, అంటే ఎన్‌ఎఫ్ఎల్‌లో, ప్రతిసారీ కొన్ని జట్లు పాత కోచ్‌ను సాగనంపి కొత్తవాడిని తెచ్చుకుంటాయి. ఏడాది తిరిగేసరికి జట్టు గెలిస్తే కొత్త కోచ్ మహిమ, ఓడితే కొత్త కోచ్ వైఫల్యం. టీవీ చర్చలన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి. కానీ ఒక సీజన్ ఫలితంలో కోచ్ వాటా ఎంత, ఆటగాళ్లది ఎంత, అదృష్టానిది ఎంత అని విడదీయబోతే విషయం అంత తేలిగ్గా తేలదు. దీనికి 2024 కమాండర్స్ కంటే మంచి ఉదాహరణ దొరకదనిపిస్తుంది. ఉత్తర వర్జీనియాలో ఉండే తెలుగువాళ్లకు ఈ జట్టు పొరుగింటిదే. మనవాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన ఆష్‌బర్న్‌లోనే దాని ప్రధాన కార్యాలయం, ప్రాక్టీస్ మైదానం ఉన్నాయి.

ఆట గురించి తెలియాల్సినంత

బంతి ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలుంటాయి. ఒక్కో ప్రయత్నాన్ని డౌన్ అంటారు. ఆ నాలుగింట్లో కనీసం 10 గజాలు ముందుకు వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి, లేదంటే బంతి ఎదుటివాళ్లది. బంతితో చివరి గీత దాటితే టచ్‌డౌన్, 6 పాయింట్లు. దాని వెంటనే గోల్ కంబాల మధ్య నుంచి తన్ని ఇంకో పాయింటు, లేదా మళ్లీ గీత దాటి 2 పాయింట్లు తెచ్చుకోవచ్చు. అంతదూరం వెళ్లలేమనుకుంటే బంతిని కంబాల మధ్య నుంచి తంతే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు. అదీ కుదరదనుకుంటే నాలుగో డౌన్‌లో బంతిని ఎదుటి జట్టు వైపు వీలైనంత దూరం తన్నేస్తారు. దాన్ని పంట్ అంటారు.

బంతి చేతిలో ఉన్నప్పుడు ఆడే దళం అఫెన్స్, ఎదుటివాళ్లను ఆపే దళం డిఫెన్స్. అఫెన్స్‌కు నాయకుడు క్వార్టర్‌బ్యాక్. ప్రతి ఆటలో, అంటే ప్రతి ప్రయత్నంలో, బంతి ముందు అతని చేతికే వస్తుంది. విసరాలా, పక్కవాడికి అందించాలా, తానే పరుగెత్తాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఆడేది పదకొండు మందే అయినా, జట్టులో అత్యంత విలువైన స్థానం ఇదే అన్న విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు.

సీజన్‌లో ఒక్కో జట్టుకు 17 మ్యాచ్‌లు. లీగ్ రెండు కాన్ఫరెన్సులుగా, ఒక్కో కాన్ఫరెన్స్ నాలుగేసి జట్ల నాలుగు డివిజన్లుగా ఉంటుంది. కాన్ఫరెన్స్‌కు ఏడు జట్లు ప్లేఆఫ్స్‌కు వెళ్తాయి. అక్కడ ఒక్కసారి ఓడితే ఇంటికే.

హెడ్ కోచ్ చేసే పని ఏమిటి?

క్రికెట్‌లో కోచ్ పెవిలియన్‌లో కూర్చుంటే మైదానంలో నిర్ణయాలు కెప్టెన్ చూసుకుంటాడు. ఇక్కడ అలా కాదు, ప్రతి ఆటకూ ముందు ఏం ఆడాలో బయటి నుంచే చెబుతారు. అయితే చెప్పేది చాలా జట్లలో హెడ్ కోచ్ కాదు. అఫెన్సివ్ కోఆర్డినేటర్, డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అని ఇద్దరు సహాయకులుంటారు, ఆటలు ఎంచేది వాళ్లే. 2024లో వాషింగ్టన్ అఫెన్స్‌ను నడిపింది క్లిఫ్ కింగ్స్‌బరీ. అంతకుముందు అరిజోనా కార్డినల్స్‌కు నాలుగేళ్లు హెడ్ కోచ్‌గా చేసినవాడు. డిఫెన్స్ జో విట్ చేతిలో ఉంది.

మరి క్విన్‌కు మిగిలిందేమిటి? ఈ సహాయకులను ఎంచుకోవడం, ప్రాక్టీస్ ఎలా జరగాలో నిర్ణయించడం, ఎవరిని ఆడించాలో తేల్చడం, నాలుగో డౌన్‌లో తెగించాలా వద్దా చెప్పడం, టైమవుట్లు వాడడం, యాభై మందికి పైగా ఉన్న ఆటగాళ్లను ఒక్క మాట మీద నిలబెట్టడం. ఇందులో సగం బయటికి కనిపించదు. కనిపించేది గెలుపోటములే కాబట్టి లెక్కంతా వాటితోనే కట్టేస్తుంటారు.

ఆటగాళ్లను కొనడం, వదులుకోవడం జనరల్ మేనేజర్ పని. అది ఆడమ్ పీటర్స్‌ది. అతనూ 2024 జనవరిలోనే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చాడు. వీళ్లందరి పైన కొత్త యజమాని జాష్ హారిస్. 1999 నుంచి జట్టును చేతిలో పెట్టుకుని అభిమానుల ఉసురు పోసుకున్న డాన్ స్నైడర్ దగ్గర్నుంచి 2023లో 605 కోట్ల డాలర్లకు హారిస్ బృందం దాన్ని కొనుక్కుంది. అంటే ఏడాదిలోపే యజమాని, మేనేజర్, కోచ్, ఇద్దరు కోఆర్డినేటర్లు, క్వార్టర్‌బ్యాక్ అందరూ మారిపోయారు. ఇన్ని ఒకేసారి మారినప్పుడు ఫలితం ఫలానా వాడి పుణ్యమే అని చెప్పడం ఎలా?

ఇంకో సంగతి. క్విన్ వాషింగ్టన్ మొదటి ఎంపిక అని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. డెట్రాయిట్ లయన్స్ అఫెన్సివ్ కోఆర్డినేటర్ బెన్ జాన్సన్ వస్తాడని అందరూ ఎదురుచూశారు, అతనేమో డెట్రాయిట్‌లోనే ఉంటానన్నాడు. ఆ తర్వాతే క్విన్ పేరు ఖాయమైంది.

రెండు సెకన్లు, ఒక బంతి

అక్టోబర్ 27, 2024. షికాగో బేర్స్‌తో మ్యాచ్. ఆ ఏడాది కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపికగా బేర్స్ తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ కేలబ్ విలియమ్స్ ఒకవైపు, రెండో ఎంపికగా వాషింగ్టన్ తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ జేడెన్ డేనియల్స్ ఇంకోవైపు. డేనియల్స్‌కు అంతకుముందు వారమే పక్కటెముకల దగ్గర దెబ్బ తగిలింది. వాషింగ్టన్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు, నాలుగు ఫీల్డ్ గోల్స్‌తో 12 పాయింట్ల దగ్గర ఉంది. 25 సెకన్లు మిగిలుండగా బేర్స్ టచ్‌డౌన్ చేసి, పైన ఇంకో రెండు పాయింట్లు తెచ్చుకుని 15–12తో ముందుకెళ్లింది.

చివరికి మిగిలింది 2 సెకన్లు. బంతి వాషింగ్టన్ సొంత సగంలో 48వ గజం గీత మీద ఉంది. గీత దాటాలంటే 52 గజాలు వెళ్లాలి. బంతి అందుకున్న డేనియల్స్ వెంటనే విసరలేదు. వెనక్కి వెళ్లి, ఒక పక్కకు పరుగెత్తి, మళ్లీ ఇంకో పక్కకు తిరిగి పది సెకన్లకు పైగా తప్పించుకుంటూ తిరిగి, అప్పుడు గాల్లోకి విసిరాడు. ఆట మొదలయ్యే సమయానికి బేర్స్ డిఫెండర్ టైరీక్ స్టీవెన్సన్ వెనక్కి తిరిగి స్టాండ్స్‌లోని వాషింగ్టన్ అభిమానులను ఆటపట్టిస్తున్నాడు. ఆట నడుస్తోందని గమనించి ఆలస్యంగా పరుగెత్తి గుంపులో దూరి, ఎగిరి బంతిని తట్టాడు. అది నేరుగా వెనకాల ఒంటరిగా నిలబడ్డ వాషింగ్టన్ ఆటగాడు నోవా బ్రౌన్ చేతుల్లో పడింది, టచ్‌డౌన్. నిజానికి స్టీవెన్సన్ కాపలా కాయాల్సింది ఆ బ్రౌన్‌నే. 18–15.

ఆ రోజు వరకూ బేర్స్ 4 గెలిచి 2 ఓడిన జట్టు. ఈ ఓటమితో మొదలుపెట్టి వరుసగా పది మ్యాచ్‌లు ఓడింది. నవంబర్ మధ్యలో అఫెన్సివ్ కోఆర్డినేటర్‌ను, నెలాఖరులో హెడ్ కోచ్ మాట్ ఎబర్‌ఫ్లూస్‌ను తీసేశారు. వందేళ్లు దాటిన ఆ జట్టు చరిత్రలో సీజన్ మధ్యలో హెడ్ కోచ్‌ను తీసేయడం అదే మొదటిసారి.

ఒక్క బంతి వల్లే అదంతా జరిగిందనడం అతిశయోక్తి. బేర్స్‌లో లోపాలు ముందునుంచే ఉన్నాయి. అదే మ్యాచ్‌లో గోల్ గీతకు గజం దూరంలో బంతిని ఒక లావుపాటి లైన్‌మన్ (ముందు వరుసలో ఎదుటివాళ్లను అడ్డుకునే ఆటగాడు) చేతికిచ్చి జారవిడుచుకున్నారు. ఆ తెలివి ఎవరిదో వాళ్లకే తెలియాలి. కానీ ఆ తట్టిన బంతి రెండడుగులు పక్కకు పడి ఉంటే ఒక కోచ్ పేరు పక్కన గెలుపు, ఇంకో కోచ్ పేరు పక్కన ఓటమి చేరేవి. ఇందులో క్విన్ చేసినదేమీ లేదు. ఎబర్‌ఫ్లూస్ తప్పు ఎంతో కొంత ఉంది, తన ఆటగాడు ఆట మొదలయ్యాక కూడా ప్రేక్షకుల వైపు చూస్తున్నాడు కాబట్టి.

గెలుపులను కాక పాయింట్లను లెక్కేస్తే

ఎన్ని గెలిచారు అన్నదాని కంటే ఎన్ని పాయింట్లు చేశారు, ఎన్ని ఇచ్చారు అన్నది జట్టు అసలు బలాన్ని బాగా చెబుతుందని గణాంకాలు చూసేవాళ్ల మాట. బేస్‌బాల్‌లో పుట్టిన ఒక చిన్న సూత్రం దీనికి వాడతారు. చేసిన పాయింట్ల వర్గాన్ని, చేసిన పాయింట్ల వర్గం, ఇచ్చిన పాయింట్ల వర్గం కలిపిన మొత్తంతో భాగించాలి. వచ్చినదాన్ని మ్యాచ్‌ల సంఖ్యతో గుణించాలి.

2024లో వాషింగ్టన్ 485 పాయింట్లు చేసి 391 ఇచ్చింది. 485 వర్గం 2,35,225. 391 వర్గం 1,52,881. రెండూ కలిపితే 3,88,106. భాగిస్తే దాదాపు 0.606. దాన్ని 17తో గుణిస్తే 10.3 గెలుపులు. ఫుట్‌బాల్‌కు వర్గం బదులు 2.37వ ఘాతం సరిగ్గా సరిపోతుందంటారు. అలా చేసినా 10.6 దగ్గరే ఆగుతుంది. అంటే 12 గెలుపుల్లో ఒకటిన్నర దాకా కలిసొచ్చినవి.

ఎక్కడ కలిసొచ్చాయో కూడా చూడవచ్చు. ఒక్కసారి స్కోరు చేస్తే అందుకోగల తేడాతో, అంటే 8 పాయింట్లలోపు తేడాతో ముగిసిన మ్యాచ్‌లు వాషింగ్టన్ 12 ఆడింది. ఎనిమిది గెలిచింది, నాలుగు ఓడింది. మిగతా అయిదింట్లో నాలుగు పెద్ద తేడాతో గెలుపులే. న్యూయార్క్ జెయింట్స్ మీద 21–18 గెలుపులో ఒక్క టచ్‌డౌన్ లేదు, ఏడూ ఫీల్డ్ గోల్సే, ఏడోది చివరి క్షణంలో. న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ మీద 20–19, అదీ ఆఖర్లో సెయింట్స్ రెండు పాయింట్ల ప్రయత్నం విఫలమైతే. ఫిలడెల్ఫియా ఈగల్స్ మీద 36–33, గెలిపించిన టచ్‌డౌన్ 6 సెకన్లు మిగిలుండగా. అట్లాంటా మీద అదనపు సమయంలో 30–24. టెన్షన్ తట్టుకోలేనివాళ్లు చూడదగిన సీజన్ కాదది.

దీని మీద రెండు వాదనలున్నాయి. దగ్గరి మ్యాచ్‌లు గెలవడం ఏ జట్టుకూ ఏటా సాగే విద్య కాదు, మరుసటి ఏడాది సగం సగం అయిపోతుంది అంటారు గణాంకాలవాళ్లు. చివరి నిమిషంలో కంగారు పడకపోవడం శిక్షణతో వచ్చేదే, అది కోచ్ పనే అంటారు ఆట ఆడినవాళ్లు. నాకు మొదటి వాదనే ఎక్కువ సబబనిపిస్తుంది. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. పాయింట్ల లెక్క కూడా 10 గెలుపులకు పైనే చూపిస్తోంది. 2023లో ఇదే జట్టు 329 పాయింట్లు చేసి 518 ఇచ్చింది, లీగ్ మొత్తంలో అత్యధికంగా ఇచ్చింది. 189 పాయింట్ల లోటు 94 పాయింట్ల మిగులైంది. అంత మార్పును అదృష్టం ఒక్కటే తీసుకురాలేదు.

ఆఖరి స్థానానికి దక్కే బహుమానం

ఎన్‌ఎఫ్ఎల్‌లో ఓడినవాడికి కొన్ని సౌకర్యాలున్నాయి. ఒకటి డ్రాఫ్ట్. కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వరుసలో అట్టడుగు జట్లకే ముందు వంతు. 2023లో 4–13, అంటే 4 గెలుపులు, 13 ఓటములు, అయింది కాబట్టే వాషింగ్టన్‌కు రెండో ఎంపిక దొరికింది.

రెండోది షెడ్యూల్. 17 మ్యాచ్‌లలో 14 ఎవరితో ఆడాలన్నది డివిజన్ల వంతు ప్రకారం ముందే ఖాయం. మిగతా మూడు మాత్రం అంతకుముందు ఏడాది వేరే డివిజన్లలో అదే స్థానంలో నిలిచిన జట్లతో ఆడాలి. 2023లో వాషింగ్టన్ తన డివిజన్‌లో నాలుగోది, చివరిది. కాబట్టి 2024లో ఆ మూడు మ్యాచ్‌లూ ఇతర డివిజన్ల చివరి జట్లతోనే. అరిజోనా మీద 42–14, టెన్నెసీ మీద 42–19, షికాగో మీద మనం చూసిన 18–15. మూడుకు మూడూ గెలుపులే.

ఇది క్విన్ గొప్పతనాన్ని తగ్గించడానికి చెప్పేది కాదు, కొత్త కోచ్‌లందరికీ వర్తించే విషయం. పాత కోచ్‌ను తీసేసేది జట్టు అడుగున ఉన్నప్పుడే. అడుగున ఉన్న జట్టుకే మంచి డ్రాఫ్ట్ ఎంపిక, తేలిక షెడ్యూల్ వస్తాయి. కాబట్టి కొత్త కోచ్‌లలో చాలామంది మొదటి ఏడాదికి కాస్త ఎదురుగాలి తగ్గిన రోడ్డు ఎక్కుతారు.

క్వార్టర్‌బ్యాక్ మహిమేనా?

డేనియల్స్ మొదటి సీజన్ అంకెలు ఇవి: విసిరి 3,568 గజాలు, 25 టచ్‌డౌన్లు, 9 ఇంటర్‌సెప్షన్లు (విసిరిన బంతి ఎదుటివాళ్లు పట్టేయడం). పరుగెత్తి 891 గజాలు, ఇంకో 6 టచ్‌డౌన్లు. కొత్త క్వార్టర్‌బ్యాక్ ఎవరూ ఒక సీజన్‌లో అన్ని గజాలు పరుగెత్తలేదు. ఆ రికార్డు అంతకుముందు వాషింగ్టన్‌కే ఆడిన రాబర్ట్ గ్రిఫిన్‌ది, 2012లో 815.

అతను మైదానంలో ఇచ్చినదానికి తోడు డబ్బు లెక్క కూడా ఉంది. ఎన్‌ఎఫ్ఎల్‌లో జట్టు జీతాలకు పైపరిమితి ఉంటుంది, శాలరీ క్యాప్ అంటారు. 2024లో అది 25.54 కోట్ల డాలర్లు. డేనియల్స్ ఒప్పందం నాలుగేళ్లకు కలిపి దాదాపు 3.77 కోట్ల డాలర్లు, ఏడాదికి కోటి లోపు. అదే డివిజన్‌లోని డల్లాస్ కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్ అదే ఏడాది సెప్టెంబర్‌లో సంతకం చేసిన ఒప్పందం నాలుగేళ్లకు 24 కోట్లు, సగటున ఏడాదికి 6 కోట్లు. ఆ 5 కోట్ల తేడాతో ఎంతమందిని తెచ్చుకోవచ్చో ఆలోచించండి. పీటర్స్ అదే చేశాడు. 34 ఏళ్ల బాబీ వాగ్నర్, జాక్ ఎర్ట్స్, ఆస్టిన్ ఎకలర్, ఫ్రాంకీ లూవూ, డల్లాస్‌లో క్విన్ దగ్గర ఆడిన డొరాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్, టైలర్ బియాడజ్ ఇలా అనుభవజ్ఞులను వరసబెట్టి తెచ్చాడు.

ఇక్కడ క్విన్ పక్షం వాళ్లు అడిగే ప్రశ్న న్యాయమైనదే. మంచి క్వార్టర్‌బ్యాక్ చాలనుకుంటే, అదే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక కేలబ్ విలియమ్స్ ఉన్న బేర్స్ 5–12 ఎందుకైంది? మూడో ఎంపిక డ్రేక్ మే ఉన్న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 4–13 ఎందుకైంది? కుర్ర క్వార్టర్‌బ్యాక్ చుట్టూ అతనికి నప్పే ఆట అల్లిపెట్టింది వాషింగ్టన్ ఒక్కటే కదా?

మరుసటి ఏడాది ఈ మూడు జట్లూ తారుమారయ్యాయి. బేర్స్‌కు కొత్త హెడ్ కోచ్‌గా బెన్ జాన్సన్ వచ్చాడు, 11–6. పేట్రియట్స్ తొలి ఏడాదే జెరాడ్ మేయోను తీసేసి మైక్ వ్రేబెల్‌ను తెచ్చారు, 14–3తో లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా వెళ్లారు. కోచ్ మారని వాషింగ్టన్ 5–12కి జారింది. పైపైన చూస్తే కోచ్ మారడమే మంత్రంలా కనిపిస్తుంది. కానీ విలియమ్స్, మే ఇద్దరికీ అది రెండో ఏడాది, ఆట పట్టుబడే వయసు. బేర్స్ తమ అఫెన్సివ్ లైన్‌లో ముగ్గురు కొత్తవాళ్లను తెచ్చారు. పేట్రియట్స్ విపరీతంగా ఖర్చుపెట్టారు, పైగా ఆఖరి స్థానపు షెడ్యూల్ ఈసారి వాళ్ల వంతు. డేనియల్స్ ఏమో మోకాలు, తొడ కండరం, మోచేయి దెబ్బలతో ఏడు మ్యాచ్‌లే ఆడగలిగాడు.

నాలుగో డౌన్: ఇక్కడ కోచ్ కనిపిస్తాడు

కోచ్ చేతిలో పూర్తిగా ఉండే నిర్ణయం ఒకటి చూద్దాం. నాలుగో డౌన్, ఇంకో 2 గజాలు కావాలి, బంతి ఎదుటివాళ్ల 40వ గజం గీత మీద ఉంది. మూడు దారులు.

ఫీల్డ్ గోల్ తన్నాలంటే ఆ 40కి గోల్ కంబాల దాకా ఇంకో 10, బంతి వెనక్కి ఇచ్చే 7 కలిపి 57 గజాలు. బాగా తన్నేవాడికీ కష్టమే. విఫలమైతే బంతి ఎదుటివాళ్లకు మైదానం మధ్యకు దగ్గర్లో దొరుకుతుంది. పంట్ చేస్తే, బాగా పడితే వాళ్లు తమ 10వ గజం దగ్గర మొదలుపెట్టాలి. అదే తెగించి 2 గజాల కోసం ప్రయత్నిస్తే? సఫలమైతే మన దండయాత్ర సాగుతుంది, విఫలమైతే వాళ్లు 40 దగ్గర మొదలుపెడతారు. అంటే పంట్‌తో పోలిస్తే మనం పణంగా పెట్టేది 30 గజాలు. లీగ్‌లో నాలుగో డౌన్ ప్రయత్నాలు సగానికి కాస్త పైగా ఫలిస్తుంటాయి. గెలిస్తే దక్కేది 30 గజాల నష్టం కంటే పెద్దది కాబట్టి ఈ చోట తెగించడమే మేలని లెక్కలు చెబుతాయి. పాతతరం కోచ్‌లు చాలామంది పంట్ చేసేవాళ్లు, ఎందుకంటే తెగించి విఫలమైతే తిట్లు పడేది కోచ్‌కే.

2024 సీజన్‌లో వాషింగ్టన్ నాలుగో డౌన్‌లో 23 సార్లు తెగించి 20 సార్లు సాధించింది, 87 శాతం. లీగ్‌లో అదే మొదటి స్థానం. ఎప్పుడు తెగించాలో క్విన్ సరిగ్గా ఎంచుకున్నాడనడానికి ఇది రుజువే. అయితే విసిరేందుకు దారి మూసుకుపోతే కాళ్లతో 2 గజాలు తెచ్చేవాడు క్వార్టర్‌బ్యాక్‌గా ఉంటే ఏ కోచ్‌కైనా ధైర్యం వస్తుంది. పైగా ఏ జట్టూ ఏళ్లకేళ్లు 87 శాతం నిలబెట్టుకోలేదు. నిర్ణయం క్విన్‌ది, ఫలితంలో పెద్ద వాటా డేనియల్స్‌ది, మిగిలిన కాస్తా కలిసొచ్చింది. నేనైతే ఇలా పంచుతాను.

ప్లేఆఫ్స్ చూపించిన రెండు ముఖాలు

కాన్ఫరెన్స్‌లో ఆరో స్థానంతో ప్లేఆఫ్స్‌కు వెళ్లిన వాషింగ్టన్ మొదట టంపా బేను 23–20తో ఓడించింది. గెలిపించిన చివరి కిక్ కంబానికి తగిలి లోపలికి పడింది. తర్వాత 15–2తో అగ్రస్థానంలో ఉన్న డెట్రాయిట్‌ను వాళ్ల ఊళ్లోనే 45–31తో మట్టి కరిపించింది. ఆ రోజు లయన్స్ అయిదుసార్లు బంతి పోగొట్టుకున్నారు. 1991 సీజన్ తర్వాత వాషింగ్టన్ కాన్ఫరెన్స్ ఫైనల్ ఆడడం అదే మొదలు.

ఆ ఫైనల్లో ఈగల్స్ తమ మొదటి ఆటలోనే సాక్వాన్ బార్క్లీతో 60 గజాలు పరుగెత్తించి టచ్‌డౌన్ చేశారు. మ్యాచ్ ముగిసేసరికి పరుగుతోనే ఏడు టచ్‌డౌన్లు, స్కోరు 55–23. పరుగును ఆపలేకపోవడం ఆ సీజన్ పొడుగునా ఉన్న జబ్బే. డేనియల్స్ మెరుపులు, చివరి నిమిషపు గెలుపులు దాన్ని కప్పిపెట్టాయి. క్విన్ పేరు తెచ్చుకున్నదే డిఫెన్స్ కోచ్‌గా, కాబట్టి ఈ తప్పును వేరేవాళ్ల మీదకు నెట్టడం కష్టం.

రెండో ఏడాది బరువంతా అక్కడే పడింది. వయసు మీదపడ్డ డిఫెన్స్ చేతులెత్తేస్తే, 2025 నవంబర్‌లో జో విట్ దగ్గర్నుంచి ఆటలు ఎంచే బాధ్యతను క్విన్ తానే తీసుకున్నాడు. దగ్గరి మ్యాచ్‌ల అదృష్టమూ ముఖం తిప్పేసింది. అక్టోబర్‌లో వానలో బేర్స్‌తో ఆడినప్పుడు, ముందంజలో ఉండి కూడా చివరి నిమిషాల్లో బంతి చేతులు మారేటప్పుడు జారింది. బేర్స్ ఆఖరి కిక్‌తో 25–24తో గెలిచింది. ఆ రోజు ఎదుటి సైడ్‌లైన్‌లో ఉన్నది, 2024 జనవరిలో వాషింగ్టన్‌కు రానన్న బెన్ జాన్సన్.

ఇలాంటి కథ క్విన్‌కు కొత్త కాదు. 2015లో అట్లాంటా ఫాల్కన్స్ కోచ్‌గా మొదటి ఏడాది 5–0తో మొదలుపెట్టి 8–8తో ముగించాడు. రెండో ఏడాది 11–5తో సూపర్ బౌల్‌కు వెళ్లి, 28–3 ఆధిక్యంలో ఉండి న్యూ ఇంగ్లండ్ చేతిలో 34–28తో ఓడిపోయాడు. అప్పుడు అఫెన్స్ నడిపిన కైల్ షానహన్ ఆ వెంటనే శాన్‌ఫ్రాన్సిస్కో హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. తర్వాత జట్టు 10–6, 7–9, 7–9, చివరికి 2020లో 0–5 దగ్గర క్విన్‌ను తీసేశారు. ఆ రెండో ఏడాది ఘనత క్విన్‌దా షానహన్‌దా అన్న వాదన అట్లాంటాలో ఇంకా తెగలేదు.

మొదటి ఏడాదే అంతా అనుకుంటే

దీనికి తిరగబడ్డ ఉదాహరణ డెట్రాయిట్. 2021లో డాన్ క్యాంప్‌బెల్ కోచ్‌గా వచ్చాక లయన్స్ మొదటి 11 మ్యాచ్‌లలో పది ఓడి ఒకటి టై చేసుకున్నారు. సీజన్ 3–13–1. తర్వాతి మూడేళ్లూ 9–8, 12–5, 15–2. మొదటి ఏడాది అంకెలు చూసి తీసేసి ఉంటే ఆ 15–2 ఉండేది కాదు. డెట్రాయిట్ యాజమాన్యానికి ఓపిక ఎక్కువని కాదు, తమ పాత క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ను ఇచ్చేసి డ్రాఫ్ట్ ఎంపికలు తెచ్చుకున్నప్పుడే ఆ ఏడాది ఓడతామని వాళ్లకు తెలుసు. వాషింగ్టన్‌ది వేరే కథ. 2024లో ఎవరూ గెలుస్తారనుకోలేదు కాబట్టి గెలిచినప్పుడు ప్రతిదీ అద్భుతమైంది, 2025లో అందరూ గెలుస్తారనుకున్నారు కాబట్టి ఓడినప్పుడు ప్రతిదీ నేరమైంది.

2025 సీజన్ ముగిశాక వాషింగ్టన్ క్విన్‌ను ఉంచుకుంది. కింగ్స్‌బరీ, విట్ ఇద్దరూ వెళ్లిపోయారు. అఫెన్స్‌ను, రెండేళ్లుగా క్వార్టర్‌బ్యాక్‌ల దగ్గర సహాయక కోచ్‌గా ఉన్న డేవిడ్ బ్లౌకు అప్పగించారు. ఎన్‌ఎఫ్ఎల్‌లో ఆటలు ఎంచడం అతనికి ఇదే మొదటిసారి. డేనియల్స్ ఇంకా తన తక్కువ జీతపు ఒప్పందంలోనే ఉన్నాడు, జట్టు మళ్లీ డివిజన్ అడుగు భాగానికి దగ్గర్లో ఉంది కాబట్టి షెడ్యూల్ కూడా మళ్లీ కాస్త తేలికే. పాత లెక్కలో కోఆర్డినేటర్లు మాత్రం మారారు, మూడో ఏడాది క్విన్ గురించి ఎక్కువ చెప్పేది ఆ మార్పే.